రొట్టె మీద ఒట్టు

మా సారిబాయ్ అన్న కాలిలో తూటాతో కొండ మీద ఏదో కాపరి గుడిసెలో పడి ఉన్నాడు. మేం అలై కొండల్లో గుర్రాల దొంగలం. ఆయన మా పెద్ద. మేం వచ్చే దారిలో పోలీసులు ముందే కాపు కాశారంటే ఎవరో ఉప్పందించారన్నమాట.

ఆయనకు మందులు చేర్చి సరిహద్దు దాటించాలి. గుడిసె ఎక్కడుందో ఆయన భార్య జూరా వదినకొక్కదానికే తెలుసు. తప్పుడు మనిషికి చెప్పిందా, మొగుడు చచ్చినట్టే. అందుకే మిగిలిన ముగ్గురినీ, నన్నూ ఎర్గెష్‌నూ ముసలి ఒర్మోన్‌నూ, ఇంటికి పిలిచి మధ్యలో రొట్టె పెట్టింది. అన్నను అమ్ముకుని ఉంటే ఈ రొట్టె నన్ను కొట్టాలి అని ఒట్టేసి, తలా ఒక ముక్క తినమంది.

మేం కోర్టులో అబద్ధాలాడతాం, పెళ్లాల దగ్గర ఆడతాం. రొట్టె మీద మాత్రం మావాళ్లెవరూ ఆడరు. నేను తిన్నాను. ఒర్మోన్ తిన్నాడు. జైల్లో అన్న కోసం పక్కటెముకలు విరగ్గొట్టించుకున్న ఎర్గెష్ మాత్రం చెయ్యి చాపలేదు.

"నేనే వదినా," అన్నాడు. "మా తమ్ముణ్ణి పట్టుకుపోయారు. వాడు ఏనాడూ గుర్రం తోకైనా ముట్టుకోలేదు. అన్నను పట్టివ్వకపోతే మన దొంగతనాలన్నీ వాడి నెత్తిన రుద్దుతామన్నారు."

ఒర్మోన్ కత్తి తీశాడు. నాకూ ఒళ్లు మండింది. వదిన ఒర్మోన్‌ను కూర్చోమని, రొట్టెను ఎర్గెష్ వైపు జరిపింది.

"అయిందేదో అయింది. ఇప్పుడు ఒట్టెయ్యి. ఆయన పడమటి లోయలో ఉన్నాడని వెళ్లి వాళ్లకి చెప్పాలి నువ్వు."

"అక్కడ దొరక్కపోతే మా అన్నదమ్ములిద్దర్నీ బతకనిస్తారా వదినా?"

"బతకనివ్వరని తెలుసు నాకు. అయినా వెళ్లు."

వాడు రొట్టె మీద చెయ్యి వేసి ఒట్టేశాడు. తర్వాత ముక్క తుంచి, తిని, లేచి వెళ్లిపోయాడు.

పోలీసులంతా పడమటికి పోయారు. నేను వదిన చెప్పిన గుర్తులతో తూర్పు దారిన వెళ్లి, అన్నకు కట్టు కట్టి, గుర్రమెక్కించి సరిహద్దు దాకా తీసుకొచ్చాను. దారిలో జరిగిందంతా చెప్పాను. ఎర్గెష్ ఏమైపోతాడోనని ఒక్క మాటైనా అంటాడని ఎదురుచూశాను.

"చావనీ ద్రోహిని," అన్నాడు అన్న. "వాడి తమ్ముణ్ణీ లోపలే ఉండనీ. మన కేసులన్నీ వాడి మీదికి పోతాయి. ఒక పీడ వదులుతుంది."

నాకు అసహ్యమేసింది. ఇన్నేళ్లూ ఈ మనిషి కోసమా మేం ఎముకలు విరగ్గొట్టించుకున్నది? ఆయన గుర్రాన్ని అవతలికి అదిలించి, నా గుర్రాన్ని కిందికి తిప్పాను.

స్టేషన్‌లో అన్నదమ్ములిద్దర్నీ ఒకే గొలుసుతో కట్టి కూర్చోబెట్టారు. ఎర్గెష్ మొహం వాచిపోయి ఉంది. నన్ను చూసి, వెళ్లిపొమ్మని తల అడ్డంగా ఊపాడు.

నేను అధికారి ముందు రెండు చేతులూ చాపాను.

"ఆ గుర్రాలను దొంగిలించింది నేను. ఆ చిన్నవాణ్ణి వదిలెయ్యండి."