నీలిమందు పడని రోజు

నేను ఒక జల్లెడని. వంటింటి జల్లెడ అనుకుని రవ్వడబ్బా పట్టుకు రాకండి. నాలోంచి మైదాపిండి కూడా సరిగ్గా దిగదు, నా చిల్లు వెంట్రుక కన్నా సన్నం. వెయ్యి చిల్లుల జల్లెడ ఒంటి చిల్లు సూదిని చూసి నవ్విందని సామెత ఉంది కదా. నా చిల్లులు లక్షల్లో ఉన్నాయి కాబట్టి నాకు ఎవరినీ చూసి నవ్వే మొహం లేదు. అసలీ కథ చెప్పడానికే మొహం చెల్లడం లేదు. కడుపులో ఏదీ దాచుకోలేని జాతి మాది అంటారు. నేను దాచుకున్నాను. వచ్చిన చిక్కల్లా అదే.

ఉత్తరాదిన ఒక వర్క్‌షాపులో ఇత్తడి చట్రానికి ఉక్కు తీగల వల అతికి నన్ను పుట్టించారు. అతికిన చోట టంకం సరిగ్గా పాకక, అంచు కింద చీమ తల కూడా పట్టని సందొకటి మిగిలింది. తనిఖీ చెయ్యాల్సినాయన ఆ సమయానికి టీ తాగుతున్నాడు. అలా పుట్టుమచ్చతో బయల్దేరి, విశాఖపట్నంలో సముద్రం కనబడే ఒక ల్యాబులోకి వచ్చి పడ్డాను. మొదటి పదేళ్లు ఒక పాత ప్రొఫెసరు గారి చేతిలో నానాను. ఆయన రిటైరవుతూ నన్ను తన శిష్యురాలు డాక్టర్ ఇప్పిలి హైమవతికి అప్పగించాడు. పేరులోనే హిమం ఉన్నందుకో ఏమో, ఆవిడకి పాత చలియుగాలంటే పిచ్చి.

ఆవిడ పని సముద్రం గతాన్ని చదవడం. బంగాళాఖాతం అడుగున పొడవాటి గొట్టం దించి బురదని పైకి లాగుతారు. ఎంత లోతు బురదైతే అంత పాతకాలం. ఆ బురదలో ఇసుక రేణువంత గవ్వలుంటాయి, వాటికీ నాలాగే ఒళ్లంతా చిల్లులు. ఆ ప్రాణి బతికున్నప్పుడు నీళ్లు వెచ్చగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా, వానలు పడ్డాయా మొహం చాటేశాయా అన్నదంతా గవ్వలో దాగి ఉంటుంది. లోకానికి చిల్లిగవ్వ అంటే లోకువ. హైమవతి బతుకంతా చిల్లిగవ్వల మీదే. బురదని నాలో పోసి కుళాయి కింద కడిగితే మట్టి దిగిపోతుంది, గవ్వలు మిగులుతాయి. ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, కుంచె కొస నాలికతో తడుపుకుని ఒక్కొక్కటీ ఏరేది. "ఇరవై ఏళ్లుగా బంగాళాఖాతాన్ని నాకుతున్నాను, ఉప్పు మానెయ్యమన్న డాక్టరుకి ఇది చెప్పలేదు" అనేది.

మా ల్యాబులో ఒక ఆచారం ఉంది. ఒక బురద కడగడం అయ్యాక నన్ను నీలిమందు నీళ్లలో ముంచుతారు. నాలో ఏ గవ్వైనా ఇరుక్కుని ఉంటే అది నీలంగా మారుతుంది. తర్వాతి బురద కడిగినప్పుడు ఊడి పడినా, తెల్లవాటి మధ్య నీలంగా కనిపించి పరాయిదని తెలిసిపోతుంది. తీసి పారేస్తారు. నోరులేని నాకు ఆ నీలమే నోరు.

ముంచేది అటెండరు దాలినాయుడు. ముంచినప్పుడల్లా రిజిస్టరులో టిక్కు పెట్టేవాడు. మనిషికి సముద్రం మీద కన్నా ఆ టిక్కు మీద భక్తి ఎక్కువ.

ఒకరోజు నాలుగు వందల పన్నెండు సెంటీమీటర్ల లోతు బురద కడిగారు. ఇరవై వేల ఏళ్ల నాటిది, చలియుగం. దాని తర్వాత వరసలో నూట పద్దెనిమిది సెంటీమీటర్లది ఉంది. అది ఆరు వేల ఏళ్ల నాటిది, వెచ్చటి కాలం. దాలినాయుడు సీసా వంచి చూశాడు.

"నీలం అయిపోనాదమ్మా. స్టోరుకి చీటీ రాసినాను, రేపిత్తారు."

ఈ ఫలితాలు చూపించాల్సిన ఢిల్లీ మీటింగుకి గడువు రెండు వారాలే ఉంది. హైమవతి గడియారం చూసుకుంది. "ఒక్కసారికి ఏమవుతుంది నాయుడూ, కుళాయి కింద గట్టిగా కడుగు చాలు."

"ముంచకుండానా?"

"ముంచకుండానే."

నన్ను ముంచలేదు. అందుకని నేను ఆవిడని ముంచాను. అంచు కింది సందులో చలియుగపు గవ్వలు పదుల కొద్దీ దాక్కున్నాయి. కొత్త బురద పడగానే సగం ఊడి దాంట్లో కలిశాయి, మిగతావి సందులోనే ఉండిపోయి తర్వాత ముంచినప్పుడు నీలం పట్టాయి. ఊడినవాటికి నీలం లేదు కాబట్టి అన్నీ తెల్లగా, అన్నీ పెద్దమనుషుల్లా కనిపించాయి. వేరుచెయ్యడానికి పుట్టినదాన్ని, కలిపేశాను.

ఆ గవ్వల పరీక్ష ఫలితం చూసి హైమవతి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆరు వేల ఏళ్ల కిందట బంగాళాఖాతం ఉన్నట్టుండి చల్లబడింది, ఒక తరం పాటు రుతుపవనాలు తప్పాయి అని రాసింది. పెద్ద పత్రికలో వచ్చింది. పేపర్ల వాళ్లొచ్చి ఫొటో తీశారు. ఫొటోలో ఆవిడ చేతిలో ఉన్నది నేనే. తళతళలాడుతూ ఉన్నాను, దొంగలా.

ఏడు నెలలకి పైపొర బురద కడిగినప్పుడు రెండు గవ్వలు నీలంగా ఊడి పడ్డాయి. పరాయివే, తీసి పారెయ్యాలి. కానీ హైమవతి పారెయ్యలేదు. మందపాటి గవ్వలవి, చలియుగపు జాతి. చలియుగపు బురద కడిగి ఏడు నెలలైంది కదా, మరి ఇవెక్కడివి? నన్ను వెనక్కి తిప్పి లెన్సు పెట్టి చూసింది. సందు కనబడింది. రిజిస్టరు తిరగేసింది. నాలుగు వందల పన్నెండు తర్వాత నూట పద్దెనిమిది. ఆ రోజు గడిలో టిక్కు లేదు. దాలినాయుడు అబద్ధం టిక్కు పెట్టలేదు, ఖాళీగా వదిలేశాడు.

నూట పద్దెనిమిదిలో మిగిలిన బురదని కొత్త జల్లెడలో కడిగి మళ్లీ పరీక్ష చేయించింది. ఆరు వేల ఏళ్ల కిందటి సముద్రం గోరువెచ్చగా, తనకేమీ తెలియనట్టు కూర్చుని ఉంది.

డిపార్టుమెంటు హెడ్డు విశ్వేశం గారు విని తలుపు దగ్గరగా వేశాడు. సోమవారం హైమవతికి సన్మానం. "నీలిమందు అటెండరు పని కదమ్మా. అతని పొరపాటని ఒక్క వాక్యం రాసెయ్యండి. పేపరు పోయినా పేరు నిలుస్తుంది."

బురద కడగడం నా పని. బురద జల్లడం మనుషుల పని. హైమవతి కాదనలేదు, ఔననలేదు. రెండు రోజులు నా వైపు చూడకుండా తిరిగింది. ఆ రెండు రోజుల గురించి చెప్పడానికి ఆవిడ కన్నా నాకే ఎక్కువ సిగ్గు.

సంగతి చెవిన పడిందేమో, మూడో రోజు దాలినాయుడే వచ్చాడు. నన్ను తుడుస్తూ, నాతో అన్నట్టే అన్నాడు.

"నా పేరు రాసీయండమ్మా. రెండేళ్లలో రిటైరైపోతాను, నన్నేటి సేత్తారు? మీకింకా బోల్డు సముద్రం మిగిలుంది."

నీలం లేనందుకు నీలాపనింద, అదీ అడిగి మరీ మోస్తానంటున్నాడు. హైమవతి మొహం కుంకుమలా ఎర్రబడింది.

"ముంచకుండానా అని అడిగావు కదా నాయుడూ," అంది. "ఆ మాట నేను వినిపించుకోలేదు. నీకు ఎంత జీతమిస్తే ఆ మాట నువ్వు మళ్లీ నాతో అంటావు?"

"జీతమెందుకమ్మా. అంతాను."

సోమవారం శాలువా కప్పబోతే చేత్తో ఆపింది. నన్ను మైకు పక్కన బోర్లించి నా సందు చూపించింది. నీలిమందు వద్దన్నది తనేనని, రెండు రోజులు ఆ సంగతి మరొకరి మీదికి పోతుంటే ఊరుకున్నది కూడా తనేనని చెప్పింది. హాల్లో ఎవరో దగ్గారు. శాలువా మడత మడతగానే వెనక్కి వెళ్లింది. పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. ఫొటో తీసిన పేపర్ల వాళ్లెవరూ మళ్లీ రాలేదు. తప్పుకి ఫొటో అక్కర్లేదు కాబోలు.

ఆ సాయంత్రం రిజిస్టరులో ఆ ఖాళీ గడి వెతికి, చిన్న అక్షరాల్లో రాసింది: "ముంచలేదు. వద్దన్నది నేను. ఇ. హైమవతి."

నన్ను చెత్తలో వెయ్యలేదు. సింకు పైన మేకుకి తగిలించారు. ఇప్పుడు కొత్త జల్లెడని ముంచే ముందు దాలినాయుడు అలవాటుగా అడుగుతాడు, "ముంచీమంతారా?" హైమవతి ఎంత తొందరలో ఉన్నా ఒకసారి తలెత్తి నన్ను చూసి, "ముంచు" అంటుంది.

సిగ్గుకి మనుషులు ఎర్రబడతారు. నా అంచు కింది సందులో ఒక గవ్వ ఇంకా ఊడకుండా ఉండిపోయింది. ఎండ పడినప్పుడు చూస్తే, నీలంగా ఉంటుంది.