మొదటి ముద్ద మండుతుంది

గిద్దలూరులో మిస్బా కంప్యూటర్ దుకాణం ముందు నతానియేలు కూర్చోలేక నిలబడలేక తిరుగుతున్నాడు. పదకొండుకు అబ్దుల్ రెహమాన్ ఆటో సరుకుతో మార్కాపురం పోతుంది. నతానియేలు భార్య భాగ్యమ్మ మూడు రోజులు దంచిన శెనక్కాయల కారం, యాభై ప్యాకెట్లు, మొదటిసారి అందులో పోవాలి. లేబుల్ లేకపోతే రెహమాన్ ఎక్కించుకోడు. ఇంకా అరగంటే ఉంది.

"పేరు కొట్టినా, ఊరు కొట్టినా. ‘వాడే విధానం’ కాడ ఖాళీగా ఉంది మామా," అంది మిస్బా.

"తినేదానికి విధానమేంది పాపా?"

మిస్బా బల్ల మీది బిస్కెట్ల ప్యాకెట్ తిప్పి చదివింది. ‘ప్యాకెట్ చించి, బిస్కెట్లు బయటికి తీసి తినండి.’ నీళ్ల సీసా అందుకుంది. ‘మూత తీసి తాగండి.’

"మూత తియ్యకుండా తాగే మొనగాడు యాడన్నా ఉన్నాడా?"

"ఏమో మామా. టౌనోళ్లు వెనకాల చదివి కొంటారంట. ఖాళీ ఉంటే రెహమాన్ చిచ్చా ఒప్పుకోడు."

నతానియేలు రోడ్డు దాకా పోయి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా కంచం ముందు "ఊఁ" తప్ప మాట్లాడని మనిషి. ఇప్పుడు ముఖం తెలియని వాళ్లకు ఎలా తినాలో చెప్పాలట. ఇంటికి ఫోన్ చేశాడు.

"తినడం రానోళ్లకు అమ్మేదెందుకయ్యా?" అంది భాగ్యమ్మ. "మొన్న ఈ కారం తిని పాస్టరయ్యకు పొరబోతే ఏం చెప్పినా? అదే రాయించుపో."

అతను గుర్తు చేసుకుని చెప్పాడు. మిస్బా నవ్వు ఆపుకుంటూ కొట్టింది.

‘వేడన్నంలో కలుపుకోండి. మొదటి ముద్ద మండుతుంది. నీళ్లు తాగొద్దు. రెండో ముద్ద తినండి, సర్దుకుంటుంది.’

చివరి లేబుల్ అంటించి సంచి ఎత్తుకుని ఉరికేసరికి ఆటో స్టార్టయి ఉంది. రెహమాన్ ఒక ప్యాకెట్ తిప్పి చదివాడు.

"ఇదేంది నతానియేలూ, మండుతాదని నువ్వే రాస్తివి? ఎవురు కొంటారు?"

రెహమాన్ మూల చించి చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. చెయ్యి నీళ్ల సీసా మీదికి పోయింది. మూత సగం తిప్పి, లేబుల్ వైపు చూసి ఆగాడు. నతానియేలు చేతిలో సంచి చెమటకు జారుతోంది.

రెహమాన్ ఇంకో చిటికెడు వేసుకున్నాడు. ముఖంలో ఎరుపు తగ్గింది. తర్వాత మూత బిగించాడు.

"నలభై తొమ్మిది ఎక్కించు," అన్నాడు, చించిన ప్యాకెట్ జేబులో పెట్టుకుంటూ.