వస్తాం మరి

తడిసిన గడ్డి వాసన.

పొగమంచులో ఎక్కడో ఒక కాకి అరిచింది. తరవాత అదీ ఊరుకుంది.

తాడు వెనకాల జనం ఊపిరి బిగబట్టారు. ఆటగాడు బంతి మీదికి వంగాడు. కర్ర మెల్లగా వెనక్కి లేచింది...

కామేష్ వేలు షటర్ మీద ఆగింది.

ఆగాలి. గోల్ఫ్ ఫొటోలు తీసేవాడికి మొదటి పాఠం అదే. కర్ర గాలిలో ఉండగా దగ్గకూడదు, కదలకూడదు, షటర్ నొక్కకూడదు. బంతికి దెబ్బ తగలాలి. ఆ తరవాతే నొక్కాలి. తొందరపడి ముందే నొక్కినవాణ్ణి మైదానం బయటికి సాగనంపుతారు. ఇప్పుడు చప్పుడు చెయ్యని కెమెరాలు వచ్చాయి, కామేష్ చేతిలో ఉన్నదీ అలాంటిదే. అయినా వేలు ఆగుతుంది. ఏళ్లకేళ్లుగా పడిన అలవాటు, ఇవాళ వద్దంటే పోతుందా?

టక్.

అప్పుడు నొక్కాడు.

అంతా అయిపోయాక నొక్కడం... కామేష్ బతుకంతా అదే వరస.

చండీగఢ్‌లో గడ్డి. బెంగళూరులో గడ్డి. దిగ్బోయ్‌లో టీ తోటల పక్కన మళ్లీ గడ్డి. ఊళ్లు మారేవి గానీ, తెల్లవారుజామున బూట్లను తడిపే మంచు మాత్రం మారేది కాదు. హోటల్ గదిలో కళ్లు తెరిచి, ఏ ఊళ్లో ఉన్నాడో తెలీక, తలుపు కింద తోసిన పేపరు చూసుకునేవాడు. పేపరు ఊరి పేరు చెప్పేది. అతనికి ఏమీ అనిపించేది కాదు.

ఎవరెవరి నాన్నలనో తీశాడు. కప్పు గెలిచి, పరిగెత్తుకొచ్చిన పిల్లల్ని గాల్లోకి ఎత్తుకున్న నాన్నలు. పిల్లల నవ్వులు. పాదాల కింద మెరిసే మంచు.

తన కూతురు సమీర ఫొటోలూ ఉన్నాయి. లేకపోతే ఎలా? కోసేసిన కేకు పక్కన సమీర. ఊడిపోయిన పన్ను చూపిస్తున్న సమీర. తొక్కడం వచ్చేశాక సైకిలు పట్టుకుని నిలబడ్డ సమీర. అన్నీ అయిపోయిన తరవాతవే. పడుతూ లేస్తూ నేర్చుకున్న రోజులన్నీ అమ్మ కృష్ణకుమారి ఒక్కతే చూసింది.

కృష్ణకుమారి పుట్టింది, పెరిగింది హుగ్లీకి అవతల, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో. ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు, నదికి ఇవతల న్యూ టౌన్‌లో ఎత్తైన మేడలో కాపురం. ఎంత ఎత్తున ఉన్నా ఒక పట్టింపు మాత్రం వదల్లేదు. గడప దగ్గర "వెళ్తాను" అనకూడదు. పోయేవాళ్లు "వస్తాను" అనాలి. ఉండేవాళ్లు "రండి" అనాలి. పాడుమాట గడప దాటితే మనిషి తిరిగి రాడని వాళ్లమ్మ చెప్పిందట. బెంగాలీలదీ ఇదే పద్ధతి. "ఆశి" అంటూ వెళ్తారు, "ఏశో" అంటూ పంపుతారు. రమ్మనే ఆ మాటతోనే సాగనంపుతారు.

కాబట్టి ప్రతి ప్రయాణానికీ కామేష్ కెమెరా సంచులు భుజాన వేసుకుని "వస్తాను" అనేవాడు. కృష్ణకుమారి "రండి" అనేది. లిఫ్టు తలుపులు మూసుకునేవరకూ సమీర, నాన్నని బెంగాలీ పిల్లల్లా పిలుస్తూ, "ఏశో బాబా, ఏశో" అని చెయ్యి ఊపేది.

తరవాత తరవాత చెయ్యి ఊపడం తగ్గింది. టీవీ దగ్గర్నుంచే అనేది.

దుర్గాపూజ అయ్యాక కృష్ణకుమారికి ప్రమోషన్ వచ్చింది. దానితోపాటు విశాఖపట్నానికి బదిలీ.

వంటింట్లో పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, అతనికి ఎదురుగా కూర్చుంది.

"మీరు ఉండమంటే ఉండిపోతాను. ప్రమోషనూ వద్దు, ఏటీ వద్దు. కానీ మీ నోటితో అనండి."

ఉండిపో. ఎంత మాట? మూడక్షరాలు. అతనికి ఆమె కావాలి. పిల్ల కావాలి. అది అతనికి తెలుసు, అంత బాగా మరేదీ తెలీదు. నెలలో సగం రోజులు ఇంట్లో లేనివాడు ఉండమని ఎలా అడుగుతాడన్న సంకోచమూ ఉంది. మాట గొంతు దాకా వచ్చింది...

ఆగింది.

"చూద్దాం," అన్నాడు.

చూద్దాం! బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, చూద్దామట. కృష్ణకుమారి లేచి పొయ్యి వెలిగించుకుంది.

అతను చండీగఢ్ పోయి వచ్చేసరికి ఇంటికి తాళం. తల్లీకూతుళ్లు సంత్రాగాఛిలో, ఆమె అన్న సూరన్న క్వార్టర్లో ఉన్నారు. కోపంగా వెళ్లలేదు. ఫోను చేసి నిదానంగానే చెప్పింది, బ్యాంకువాళ్లకి జవాబివ్వాలని. ఆదివారం మధ్యాహ్నం బండికి టికెట్లు కొన్నామని, ఆలోగా ఉండమంటే న్యూ టౌన్‌కి వచ్చేస్తామని, అనకపోతే బండెక్కేస్తామని.

కామేష్ ఖాళీ ఇంట్లో తిరిగాడు. సమీర మంచం మీద లెన్సుల సంచులు పెట్టుకున్నాడు. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. కిటికీ అద్దం మీద మంచు పట్టింది, వేలితో తుడిచాడు, మళ్లీ పట్టింది.

ఆదివారమే ఊళ్లోని టాలీగంజ్ గోల్ఫ్ మైదానంలో ఆఖరి రోజు ఆట.

లేవగానే ఫోను చేద్దామనుకున్నాడు. పిల్ల నిద్రపోతుంటుందనుకున్నాడు. మైదానం చేరాక చేద్దామనుకున్నాడు. చేరాక... ఆట కాస్త సాగనీ అనుకున్నాడు. ఆలస్యం అమృతం విషం అన్నది ఇలాంటివాళ్లని చూసే.

పొగమంచు విడింది. గడ్డి మీద ఎండ పడింది. ఆ మైదానంలో నక్కలుంటాయి. ఒక నక్క ఎవరినీ పట్టించుకోకుండా గడ్డి దాటి చెట్ల కిందికి పోయింది. గుంటకి దగ్గర్లో ఒక ఆటగాడు బంతి మీదికి వంగాడు. జనం ఊపిరి బిగబట్టారు.

జేబులో ఫోను వణికింది.

కృష్ణకుమారి.

కామేష్ చతికిలబడి, చేత్తో నోరు కప్పుకుని ఫోను ఎత్తాడు.

"ఏటండీ... ఏటైనా చెప్తారా?"

"ఆడుతున్నారు కృష్ణా," అన్నాడు గుసగుసగా.

ఆమె వెనక ఎక్కడో ఇంజను కూత వినిపించింది. సూరన్న క్వార్టరు యార్డు పక్కనే, అక్కడ ఆ కూత ఎప్పుడూ ఉండేదే.

"సరేనండి. మేం వస్తాం మరి."

కామేష్ లేచి నిలబడ్డాడు.

వస్తాం. వస్తామంటోంది. న్యూ టౌన్‌కి. ఇంటికి.

"రండి!" అన్నాడు.

పైకే అన్నాడు. ఆటగాడి కర్ర కదలబోతుండగా అన్నాడు. జనమంతా తిరిగి చూశారు. ఆటగాడు నడుము నిటారు చేసి, మొహం చిట్లించి, పక్కకి జరిగాడు. బిళ్ల తగిలించుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, పళ్లు బిగించి, "దాదా, బయటికి," అన్నాడు. జీవితంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దెబ్బ తగలకముందే కామేష్ నోరు తెరిచాడు.

సిగ్గనిపించలేదు. సంచులు సర్దుకుని వచ్చేశాడు. పొద్దున నక్క తోక తొక్కినట్టున్నాను అనుకున్నాడు. అడక్కపోతే అమ్మైనా పెట్టదంటారు, నాకు పెళ్లాం పెట్టింది అనుకున్నాడు.

దారిలో సమీర కోసం ఖర్జూరబెల్లం సందేశ్ మిఠాయి కొన్నాడు. ఇంటికొచ్చి పిల్ల మంచం మీది సంచులు తీసి నేలన పెట్టాడు, దుప్పటి మార్చాడు. కృష్ణకుమారికి పెసరట్టంటే ఇష్టం, పొద్దునకి పెసలు నానబోశాడు. వంటింటి గట్టు తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

బాల్కనీలో నిలబడ్డాడు.

కింద క్యాబులు వచ్చి ఆగుతున్నాయి. ఎవరెవరో దిగుతున్నారు. హుగ్లీ వంతెన మీద బళ్లు ఆగిపోయుంటాయి. ఆదివారం కదా. సూరన్న భోంచేసి వెళ్లమని పట్టుబట్టి ఉంటాడు. సమీర పుస్తకాల సంచి మరిచిపోయి వెనక్కి వెళ్లుంటారు...

ఎండ వాలింది. మేడల మధ్య సన్నగా మంచు దిగడం మొదలైంది.

అప్పటికి ఫోను చేశాడు.

"ఎక్కడిదాకా వచ్చారు?"

"కోలాఘాట్ వస్తోంది," అంది కృష్ణకుమారి. ఆమె గొంతు వెనక చక్రాల చప్పుడు.

కోలాఘాట్. విశాఖపట్నం దారి. కామేష్‌కి వెంటనే ఎక్కలేదు. కోలాఘాట్ నుంచి న్యూ టౌన్‌కి ఎలా వస్తారా అని ఆలోచించాడు కాసేపు, పిచ్చివాడు.

"వస్తామన్నావు కదా," అన్నాడు.

"వస్తామనే కదండీ వెళ్తాం." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీరూ రండి అన్నారు. ఒక్కమాటు ఆగమంటారేమోనని చూశాను. వెంటనే రండి అన్నారు. అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు మీరు."

రండి. ఆ మాట కామేష్ నోట్లో అటు తిరిగింది, ఇటు తిరిగింది. అదే మాట. మనిషిని ఇంటికి పిలిచేదీ అదే, గడప దాటించేదీ అదే. ఏళ్ల తరబడి గడప దగ్గర విన్న మాట. ఎన్నడూ అడగనివాడు ఆ పొద్దున అడిగాడు. ఆమె దాన్ని సెలవనుకుని బండెక్కింది. తప్పెవరిదని అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్తారు? ఉండిపో అని ఉంటే పోయేది. మూడక్షరాలు.

ఛాతీలో ఏమైనా అవుతుందేమోనని చూసుకున్నాడు. ఏమీ కాలేదు. చేతివేళ్లు మాత్రం చల్లబడ్డాయి.

"రమ్మనే అన్నాను కృష్ణా," అన్నాడు. "నిజంగా... రమ్మనే."

బండి రూప్‌నారాయణ్ నది వంతెన ఎక్కినట్టుంది, చక్రాల మోత మారింది. కింద నీళ్లు, నీళ్ల మీద మంచు... అతను చూడకుండానే చూశాడు.

వంతెన చప్పుడులోంచి సమీర గొంతు.

"బాబా ఏటంటన్నారమ్మా?"

కృష్ణకుమారి ఫోను మొహానికి దూరంగా జరిపింది. అయినా వినిపించింది.

"రమ్మంటన్నారు."

"ఎక్కడికి?" అంది సమీర.

కామేష్ ఊపిరి బిగబట్టి విన్నాడు.