ఎర్ర అంచు

పొద్దున్నే ఖిమీ డాబా మీద కూర్చుని, నిన్నటి పట్టూలకు అంటిన లిప్‌స్టిక్ మరకలను కుంకుడు నురగతో రుద్దుతోంది. ఒంటికి చుట్టుకుని భుజాల దగ్గర వెండి పిన్నులు గుచ్చుకునే ఉన్నిబట్టలవి. జలపాతం చూడవచ్చిన ఆడవాళ్ళకు వాటిని తొడగడం, ఉతకడం ఆమె పని. ఫోటోలు తీసేది భర్త లోత్ రామ్. కొట్టు బోర్డు మీద అతని పేరే ఉంటుంది.

"మీ అమ్మ నేసినది కూడా దర్జీకిస్తున్నా," అన్నాడతను టీ తాగుతూ. "కోసి ఎలాస్టిక్ వేస్తే గౌనులా తొడుక్కుంటారు. నీకూ శ్రమ తప్పుతుంది."

"నడుం నొప్పని రోజూ మూలుగుతావుగా! ఇంకేం కావాలే నీకు?" అంది అత్త లోపలినుంచి.

నిజమే. పోయినేడు మిగతా ఏడింటినీ కోయించినప్పుడు ఖిమీ సంతోషించింది కూడా. వంగి వంగి పరాయి నడుములకు చుట్టే బాధ తప్పిందనుకుంది. కానీ ఈ ఎర్ర అంచుది అమ్మ సేజూ ఒక చలికాలమంతా మగ్గం ముందు కూర్చుని నేసింది. జాతరకు తప్ప కట్టేది కాదు. కత్తెర పడ్డ బట్టతో దేవత ముందు ఆడకూడదనేది. 'ఒక్కరోజుకేలే' అని లోత్ రామ్ అడిగితే, పెట్టెలోంచి తీసి ఎవరో కొత్త పెళ్ళికూతురికి కట్టింది తనే. ఆ ఒక్కరోజు ఆరేళ్ళయింది. ఎవరిని తిట్టుకోవాలి?

"ఇవాళ మా ఊళ్ళో జాతర. నేనేం కట్టుకోను?"

"సీజన్‌లో జాతరేంటి? అయినా నిన్నెవరు చూస్తారు? అందంగా కనబడాల్సింది డబ్బిచ్చేవాళ్ళు."

అతను నవ్వుతూనే అన్నాడు. అత్తా నవ్వింది. ఖిమీ మరక పూర్తిగా పోయేదాకా రుద్ది, బట్ట పిండి ఆరేసింది.

పదింటికి ఫోన్ మోగింది. "దర్జీ వచ్చి కూర్చున్నాడు. ఆ ఎర్ర అంచుది ఏదీ?"

"నా ఒంటి మీదుంది."

"విప్పి పంపు! గిరాకీ నిలబడింది. అసలు ఎక్కడున్నావ్?"

"బస్సులో."

అతనింకా ఏదో అరుస్తున్నాడు. ఆమె ఫోన్ ఆపేసింది. సాయంత్రం ఆ ఇంటి తలుపు తెరుచుకుంటుందో లేదో తెలియదు.

పక్క సీటు ముసలమ్మ ఆమె పట్టూ అంచును వేళ్ళతో తడిమి చూసింది. "మంచి చెయ్యి. ఎవరింటి కోడలివే అమ్మా?"

పద్నాలుగేళ్ళుగా ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఒకే జవాబుంది.

"సేజూ కూతుర్ని," అంది ఖిమీ.