ముగ్యోల్ పెట్టె మీది చిరునామా

శిబిరంలో అడుగుపెట్టిన రోజు చీకటి పడేలోపు చెయ్యాల్సిన పనులు ఇవి. గుండు గీయించుకోవడం. శవం దొరక్కపోతే ఇంటికి పంపడానికి గోళ్లు కత్తిరించి, పేరు రాసిన కవరులో వెయ్యడం. ప్రమాణం కంఠతా పట్టడం. ఒంటిమీది ఇంటి బట్టలు విప్పి అట్టపెట్టెలో సర్దడం. పెట్టె మీద ఇంటి చిరునామా రాసి గుమాస్తాకి అప్పజెప్పడం.

పదిహేనేళ్లు నిండిన ఆడా మగా అందరినీ యుద్ధానికి పట్టుకుపోయే చట్టం వచ్చిన మూడో ఏడు అది. ఇప్పుడు నలభై దాటిన హెరన్‌కి ఆ యుద్ధంలో చాలా సంగతులు మసకబారాయి. ఆ సాయంత్రం మాత్రం అలాగే ఉంది. రేవు మీంచి ఎండుచేపల వాసన, గుండుకి తగిలే చల్లగాలి, వరసలో తన వెనకే ఏమీ రాయని పెట్టెతో ముగ్యోల్.

ఇద్దరికీ ఆ పొద్దున లారీలోనే పరిచయం. హెరన్ నాయనమ్మ కట్టిచ్చిన చిలగడదుంపలు పంచుకుంటే వాడు తొక్కలతో సహా తినేశాడు.

"రాయవేం?" అంది హెరన్.

"ఎవరికని రాయను? మా ఊరే మిగల్లేదు."

చిరునామా లేని పిల్లల్ని యుద్ధంలో ముందు వరసకి పంపేవాళ్లు. చస్తే కబురు పెట్టే పనుండదు కదా. అది అందరికీ తెలుసు. హెరన్ కలం లాక్కుని వాడి పెట్టె మీద తన నాయనమ్మ చిరునామా గిలికింది. ఇద్దరిదీ జొంగ్ ఇంటిపేరే కాబట్టి, చిన్నాన్న కొడుకని రాసింది.

గుమాస్తాకి ఇంకా మీసం రాలేదు. "ఏ జొంగ్?" అన్నాడు. ఇంటిపేరు ఒకటే అయినా మూలవూరు వేరైతే వంశం వేరు.

"తొంగ్నే జొంగ్, సార్," అంది హెరన్.

"నువ్వు?"

"నాజు జొంగ్," అనేశాడు ముగ్యోల్. చిన్నప్పుడు తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పిన మాట. అబద్ధం నోటికి రాలేదు.

గుమాస్తా కలం ఆగింది. "మీ తాత ఒక్కడే ఎన్ని ఊళ్లలో పుట్టాడమ్మాయ్?"

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు.

"వీడికి ఆకలేస్తే ఇంతే సార్. మొన్న వాళ్లమ్మ పేరడిగితే చేప పేరు చెప్పాడు."

"ఏ చేప?"

"కానాగంత, సార్," అన్నాడు ముగ్యోల్ ఏడుపు మొహంతో.

గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇక చచ్చేదాకా తొంగ్నేవాడివే. ఎవరడిగినా మాట మార్చకు," అని ముద్ర కొట్టాడు.

ఇద్దర్నీ రేవులో మూటలు మోసే పనికి వేశారు. ఇంట్లో నాయనమ్మ, రెండు పెట్టెలొస్తే ఒక్క మాటా అడగలేదు. బట్టలు ఉతికి దాచింది. ఊరెళ్లినవాళ్ల కోసం, కింది నుంచి పొయ్యి సెగ తగిలే వెచ్చటి నేల మీద దుప్పటి కింద అన్నం గిన్నె ఉంచడం అక్కడి అలవాటు. ఆ రోజు నుంచి రెండు గిన్నెలు పెట్టింది. "తమ్ముడి చొక్కా మోచేతి దగ్గర చిరిగితే కుట్టాను. వాడికేం ఇష్టం?" అని రాసింది. ముగ్యోల్ ఆ ఉత్తరాన్ని మడతలు చిరిగేదాకా చదివాడు. "అన్నీ ఇష్టమేనని రాయి," అన్నాడు. ఆ ఏడాదంతా వాడికి ఇల్లుంది.

మరుసటి వసంతంలో రేవు మీద బాంబులు పడ్డాయి. ముగ్యోల్ పోయాడన్న కబురు నాయనమ్మకే వచ్చింది. ఆమె సొంత మనవడికి ఏడ్చినట్టే ఏడ్చింది.

సమాధి రాయి మీద తొంగ్నే జొంగ్ అనే చెక్కారు. మార్చమని హెరన్ ఇరవై ఏళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. దస్తావేజులో ఉన్నదే రాయి మీద ఉంటుందంటారు. వాణ్ణి ఏడాది బతికించిన అబద్ధమే వాళ్ల నాన్న నేర్పిన మాటని చెరిపేసింది.

అందుకే మీకు చెప్పడం. రాయి మీద ఏమున్నా, మీరు మాత్రం వాణ్ణి నాజు జొంగ్‌ల పిల్లాడు ముగ్యోల్‌గా గుర్తుంచుకోండి.