నడుం కింద స్పాంజి

వ్యాన్ వెనక తలుపు తెరిచి మొదటి కుషన్ ఎత్తగానే కోడలి చేతికి ఉత్త కవరే వచ్చింది. లోపలి స్పాంజి పసుపుపచ్చటి పిండిలా జలజలా రాలింది. రెండోదీ అంతే. మూడోది ఇంకాస్త నయం, వేలు పెట్టి నొక్కితే ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత చెక్క తగిలింది.

ఆ చెక్క మీద మర్నాడు అత్తగారిని పడుకోబెట్టి పగలంతా ప్రయాణం చెయ్యాలి.

అత్తగారికి తుంటి ఎముక విరిగింది. స్నానాల గదిలో జారిపడ్డ దగ్గర్నుంచీ వెల్లకిలా పడుకునే ఉంది. ఊళ్లో డాక్టరు చేతులెత్తేశాడు. దూరాన ఉన్న పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు కడ్డీ వేస్తానన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. పడుకుని పడుకుని నడుం కింద అరచెయ్యంత మేర చర్మం ఎర్రబారింది. అది చిట్లిందా, ఆపరేషన్ లేదు. చీముపట్టే పుండు పక్కన ఎముకకి ఇనుము వెయ్యనని ఫోన్లోనే తేల్చి చెప్పాడు. ఆపరేషన్ లేకపోతే ఇంట్లో ఒక్క నిమిషం కాలు నిలవని ఆ మనిషి ఇక లేచేది లేదు.

ఊళ్లో ఉన్న ఒక్క అంబులెన్సూ మరమ్మతుకి వెళ్లింది. కోడలి భర్త ముందే వెళ్లి ఆసుపత్రిలో మంచానికి కాపలా కూర్చున్నాడు. ఖాళీగా కనిపిస్తే ఇంకొకరికి ఇచ్చేస్తారట. మిగిలింది మామగారి వ్యాను. ఆయన బతికుండగా ముచ్చటపడి కొన్న పాతకాలం క్యాంపర్. పగలు సీట్లు, రాత్రి వాటినే వాల్చి పరిస్తే మంచం. అత్తగారు దాన్ని సవతి అనేది. ఇంజను మాత్రం రాయి. కోడలు వారానికోసారి దాన్ని తిప్పుతూ ఉండబట్టి పట్టుతప్పలేదు.

కవర్లు ఎలకల కంపు కొడుతున్నాయని మరిగే నీళ్లలో వేసి ఉతికింది. ఎండలో ఆరేసి, మడత పెట్టుకుని, సీట్లు కుట్టే మేస్త్రి దగ్గరికి పరుగెత్తింది.

మేస్త్రి జీవితమంతా బస్సు సీట్లు కుట్టినవాడు. వ్యాన్లోకి దూరి చెక్క కొలతలు తీసుకున్నాడు. ఆ కొలతకి స్పాంజి కోశాడు. తీరా కవరు తొడగబోతే ఎక్కడం లేదు. వేన్నీళ్లకి గుడ్డ ముడుచుకుపోయింది.

"కవర్లు బిగిశాయమ్మా. స్పాంజి నాలుగువైపులా కాస్త చెక్కనా?"

"చెక్కొద్దు, మేస్త్రిగారూ. మెత్తది వెయ్యబట్టే కదా పాతది అలా కూలిపోయింది. మీ దగ్గరున్నవాటిలో గట్టిది వెయ్యండి. పిసరు కూడా తియ్యొద్దు."

మేస్త్రి మొహం వికసించింది. గట్టిది వెయ్యమని అడిగే గిరాకీ ఆయనకి ఎన్నాళ్లకో తగిలింది. స్పాంజిని మోకాళ్లతో తొక్కి, భార్యని ఒకవైపు లాగమని, తనొకవైపు లాగి, కవర్లోకి కుక్కాడు. జిప్పులు తుప్పుపట్టి పనికిరాకపోతే వంకర సూదితో, తోలు కుట్టే దారంతో అంచులు కుట్టేశాడు. చివర్న అరచేత్తో చరిస్తే డప్పు మోగినట్టు మోగింది. ఏనుగు కూర్చుని లేచినా అచ్చు పడదని హామీ ఇచ్చాడు. కోడలు ఆ మాటకి గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది.

పొద్దున్నే ఇరుగుపొరుగువాళ్లు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని అత్తగారిని వ్యాన్లోకి చేర్చారు. ఆవిడ ఒకసారి కుషన్ మీద వేలితో తట్టి చూసింది.

"ఇది పరుపా, అరుగా?"

"కొత్తది కదా, అత్తయ్యా. వాడగా వాడగా సర్దుకుంటుంది."

"నిన్ను ఇంటికి తెచ్చుకున్నప్పుడూ ఇదే మాట చెప్పారు మీవాళ్లు."

కోడలు నవ్వుకుంటూ బండి తీసింది.

ఊరు దాటేవరకూ అత్తగారు గేర్లు మార్చడం మీద, బ్రేకు తొక్కడం మీద వ్యాఖ్యానం చెబుతూనే ఉంది. మామగారు ఇంతకన్నా సుతారంగా నడిపేవారంది. ఆ తర్వాత మాటలు తగ్గాయి. ఇంకాసేపటికి పూర్తిగా ఆగిపోయాయి. కోడలు అద్దంలోకి చూసింది. అత్తగారు రెండు చేతులతో కిటికీ అంచు పట్టుకుని, పళ్లు బిగించి, కప్పు వంక చూస్తోంది. ఆవిడ తిట్టకుండా ఉందంటే ఒంట్లో ఓపిక అయిపోయిందన్నమాటే.

బండి పక్కకి తీసి ఆపింది. వెనక్కి వెళ్లి అత్తగారి నడుం కిందకి చెయ్యి పోనివ్వబోయింది. పోలేదు. బిగుతు కవర్లో ఇరుక్కున్న స్పాంజి నడిమిభాగంలో బొజ్జలా ఉబ్బి ఉంది. మనిషి బరువంతా ఆ బొజ్జ మీద, సరిగ్గా ఆ ఎర్రటి చోటనే ఆనింది. అణగాల్సిన స్పాంజి ఒక్క పిసరైనా అణగలేదు. పక్కనుంచి కొంచెం గుడ్డ తొలగించి, ఫోన్ లైటు వేసి, చేతి అద్దంలో చూసింది. ఎర్రటి చోటు అంచు మాత్రం కనిపించింది. అక్కడే ఎరుపు పోయి నేరేడుపండు రంగు. చర్మం పలచబడి నిగనిగలాడుతోంది. ఇంకా చిట్లలేదు. ఇంకో గంట ఇలాగే వెళితే చిట్లుతుంది.

అచ్చు పడదని మేస్త్రి అన్నది నిజమే. కుషన్ మీద పడని అచ్చు మనిషి మీద పడుతోంది.

పక్కకి తిప్పుదామని భుజం పట్టుకుని కొద్దిగా లేపింది. అత్తగారు పెట్టిన కేకకి వెంటనే వదిలేసింది. దిండు దూర్చబోతే బొజ్జ ఇంకా ఎత్తయింది. రోడ్డు మీదకి పరుగెత్తి చేతులూపింది. లారీలు దుమ్ము రేపుకుంటూ పోయాయి. ఒక కారు నెమ్మదించింది గానీ లోపలివాళ్లు ఆమెని ఎగాదిగా చూసి, వేగం పెంచుకుని పోయారు.

ఫోన్ మోగింది. భర్త. డాక్టరు సాయంత్రం వచ్చేసరికి మనిషి మంచం మీద లేకపోతే మంచం వేరేవాళ్లకి ఇచ్చేస్తామంటున్నారని, ఎంతదాకా వచ్చారని అడిగాడు. దారిలో ఉన్నామని మాత్రం చెప్పి పెట్టేసింది.

"బండి తిప్పు," అంది అత్తగారు. కప్పు మీంచి చూపు తిప్పలేదు. "ఇంటికి పోదాం. ఓ మూల పడుంటాను."

"పడుంటే ఎవరు చేస్తారు మీకు?"

"నువ్వే."

"నా వల్ల కాదు."

"కాదని నాకు తెలీదా? ఎక్కువ రోజులు చెయ్యనివ్వన్లే."

ఈ అరుగు ఎవరి నిర్వాకమో కోడలికి తెలుసు. చెక్కనా అని మేస్త్రి అడిగితే వద్దన్న నోరు తనదే. అప్పుడు వద్దన్నది ఇప్పుడు చెయ్యాలి. మనిషి పైన ఉండగానే చెయ్యాలి.

వ్యాన్లోని వంటగూట్లోంచి కూరలు తరిగే కత్తి తీసింది. మోకాళ్ల మీద కూర్చుని నడిమి కుషన్ అంచు వెతికింది. మేస్త్రి కుట్టు ఇనుపతీగలా ఉంది. ఒక్కో పోగూ తెంపడానికి కత్తిని రంపంలా ఆడించాల్సొచ్చింది. ఆ పనిమంతుణ్ణి మనసులోనే తిట్టుకుంది. అంచు తెగగానే లోపలి స్పాంజి పిడికెడు బయటికి ఉబికింది. ఆ సందులోంచి కత్తితో సహా కుడిచెయ్యి లోపలికి తోసింది, మోచెయ్యి దాకా.

లోపల ఏమీ కనబడదు. కింద చెక్క, పైన మనిషి. మధ్యలో కత్తి. పైపొర రెండు వేళ్ల మందం వదిలేసి దాని కింద గుల్ల చెయ్యాలి. పొర తెగితే కత్తి మొన నేరుగా ఆ పలచటి చర్మానికే.

"కత్తి తగిలితే చెప్పండి, అత్తయ్యా."

"ఆ చోట మొద్దుబారి చాలాసేపయింది. నువ్వు పొడిచినా నాకు తెలీదు."

కోడలు పళ్లబిగువున కోసింది. కోసిన ముక్కని వేళ్లతో పీకింది, బయటికి విసిరింది. మళ్లీ దూర్చింది. ముక్క ముక్కకీ తుంటి కదిలి అత్తగారు మూలుగుతోంది. మూలుగుల మధ్యే దారి చెబుతోంది.

"మొద్దుబారిన చోటుకి పక్కన గట్టిగా తగులుతోంది. ఇంకా ఎడమకి. నీ ఎడమ కాదు. నా ఎడమ."

"అరవకండి, చెయ్యి వణుకుతోంది."

"అరిచేది నేను కాదే, నా తుంటి."

స్పాంజి ముక్కలు గాలికి రోడ్డంతా దొర్లుతున్నాయి. బరువు కింద నలిగి కోడలి చెయ్యి తిమ్మిరెక్కింది, ఆ తర్వాత తనది కానట్టే అయింది. కత్తి పిడి పట్టుకున్నదో లేదో కూడా తెలియడం లేదు. ఇంకొక్క ముక్క. ఇంకొక్కటి. ఉన్నట్టుండి నడుం కింద కవరు వదులై లోపలికి కుంగింది. అత్తగారు పొడుగ్గా ఊపిరి వదిలింది.

"ఆ. పట్టు వదిలింది."

కోడలు చెయ్యి బయటికి లాగింది. కత్తి మీద రక్తం.

వేళ్లు చూసుకుంది. చూపుడువేలు తెగి ఉంది, రక్తం కారుతోంది. సరే, ఇది తనదే. కానీ తన ఒక్కదానిదేనా? అద్దం పెట్టబోయింది. నడుం గుంటలో సర్దుకుపోయి ఆ చోటు కనిపించడం లేదు. వేలు దూర్చి తడిమింది. తడి తగిలింది, అయితే ఆ వేలే తడిగా ఉంది. మనిషిని తిప్పి చూడ్డం ఒక్కదాని వల్ల కాదు.

"ఏమైంది?" అంది అత్తగారు.

"ఏం లేదు. వెళ్దాం."

మిగతా దారంతా కోడలు ఎడమచేత్తోనే నడిపింది. గేరు మార్చాల్సినప్పుడు కుడి మోచేతితో స్టీరింగు ఆపుకుంది. అత్తగారు మళ్లీ మాటలు మొదలుపెట్టింది. బ్రేకు ముందే తొక్కాలంది, ఎదుటి బండికి దారివ్వడం చాతకాదంది. ఆ మాటల్లో ఒక్కటీ కోడలి చెవికెక్కలేదు. తన చేతుల్తో తనే పొడిచిందేమోనన్న ఆలోచన ఒక్కటే తలలో తిరుగుతోంది.

ఎండ వాలుతుండగా ఆసుపత్రి గేట్లో ఆపింది. భర్త ఇద్దరు మనుషుల్ని, చక్రాల మంచాన్ని వెంటేసుకుని పరుగెత్తుకొచ్చాడు. వాళ్లు అత్తగారి కిందకి పొడుగాటి పలక జరిపి, ఒడుపుగా లేపి లోపలికి తీసుకెళ్లారు. ఖాళీ అయిన కుషన్ వంక చూసి కొత్తవే కదా అప్పుడే ఇలా అయ్యాయేమిటని భర్త అడిగాడు. కోడలు మంచం వెనకాలే నడిచింది.

వార్డులో నర్సు అత్తగారిని పక్కకి తిప్పించింది. బట్ట తొలగించగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. నడుం నిండా స్పాంజి నలుసులు, వాటి మధ్య ఎండిపోయిన రక్తపు మరక. కోడలు మంచం కమ్మీ పట్టుకుంది. భర్త ఏదో అడగబోతే చేత్తో వారించింది.

నర్సు దూది తడిపి తుడవడం మొదలుపెట్టింది. నలుసులు పోయాయి. మరక కొద్దికొద్దిగా కరిగింది. ఇంకో దూది తీసుకుంది. లైటు దగ్గరికి లాక్కుని వంగి చూసింది. తర్వాత బొటనవేలితో ఆ చోట నొక్కి పట్టి, వదిలింది. వేలు ఆనిన చోట తెల్లబడింది. నర్సు దాన్నే చూస్తూ నిలబడింది. తెలుపు తెలుపుగానే ఉంది. అంచుల నుంచి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఎరుపు తిరిగొచ్చి నిండింది.

"రక్తం ఆడుతోంది. చర్మం ఎక్కడా తెగలేదు," అంది నర్సు. "డాక్టరుగారికి చెబుతాను, ఆపరేషన్ పెట్టుకోవచ్చని. మరి ఈ రక్తం ఎక్కడిది?"

"మా కోడలిది," అంది అత్తగారు, గోడ వైపు తిరిగి పడుకునే. "దానికీ ఓ చీటీ రాయమ్మా. దారి పొడుగునా చూస్తున్నా, కుడిచెయ్యి లేవట్లేదు."