వంక పెట్టని దర్జీ

ఆ ఇంట్లో మామగారు దర్జీ. ఎవరి చొక్కా చూసినా వంక పెట్టకుండా ఉండలేని మనిషి. అలాంటిది కొన్నాళ్లుగా ఏది చూపించినా "బాగుందమ్మా" అంటున్నాడు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశాడు. అన్నం సగంలో వదిలేసి పడుకుంటున్నాడు. వయసుతో మెత్తబడ్డాడని ఇంట్లోవాళ్లు సంతోషించారు. చివరికి కోడలికి అనుమానం వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇది వయసు కాదు, డిప్రెషన్. నయమవుతుంది," అంది డాక్టరు. మాత్రలు రాసింది, కౌన్సెలర్‌తో వారం వారం మాట్లాడమంది. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, తనకు చెప్పకుండా మానొద్దని హెచ్చరించింది.

మొదటి నెలలో మార్పేమీ లేదు.

"దండగమ్మా, ఆపేద్దాం."

"మీరెప్పుడైనా చొక్కా సగం కుట్టి ఇచ్చారా మామయ్యా? మింగండి."

ఈ ఉదయం కొడుకు ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆయన గుమ్మంలో ఆపాడు.

"ఆ కాలరేంట్రా, కుక్క చెవిలా వేలాడుతోంది?"

"రెడీమేడ్ నాన్నా."

"అందుకే అలా ఏడ్చింది. విప్పు."

"లేటవుతుంది..."

"లేటైతే కానివ్వండి, విప్పండి!" అంటూ కోడలు మిషను మీది గుడ్డ లాగేసి, సూదిలో దారం ఎక్కించింది.

"అంత పొడుగు దారమా? గాలిపటం ఎగరేస్తావా?"

"అలాగే తిట్టండి మామయ్యా," అంటూ ఆమె ఆ పూట మాత్ర, మంచినీళ్లు మిషను పక్కన పెట్టింది.